రోజ్ బౌల్‌కి వెళ్లాలా? మిషిగన్ – అలబామా, జనవరి 1, పసడేనా

ఆనార్బర్_అమ్మ | డిసెంబర్ 3, 2023
అందరికీ నమస్కారం. ఇవాళ మధ్యాహ్నం అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి, అంటే ఛాంపియన్‌ని తేల్చే చివరి పోటీలకి, నాలుగు జట్లను ప్రకటించారు. మా అమ్మాయి చదివే మిషిగన్ యూనివర్సిటీకి ఒకటో స్థానం వచ్చింది. జనవరి 1న కాలిఫోర్నియాలో పసడేనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో అలబామాతో సెమీఫైనల్, ఆ ఆట పేరూ రోజ్ బౌలే. టీవీలో చెప్పడం పూర్తయ్యీ కాకముందే అమ్మాయి ఫోన్ చేసింది: "అమ్మా, నువ్వూ నాన్నా తాతయ్యా ముగ్గురూ రావాల్సిందే."

మేం ఉండేది నొవైలో. ఆనార్బర్‌లో యూనివర్సిటీ స్టేడియంలో ఆటలు చూశాం కానీ సీజన్ చివర జరిగే ఇలాంటి బౌల్ గేమ్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. మా మామగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. డెబ్బై దాటారు, నడుస్తారు కానీ మెట్లంటే నెమ్మది. టికెట్లు ఎలా? అదే రోజు ఉదయం పూల ఊరేగింపు కూడా ఉంటుందట కదా, పెద్దాయనతో రెండూ కుదురుతాయా? ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

ఆర్కేడియా_వాసి | డిసెంబర్ 3, 2023
అమ్మా, నేను స్టేడియానికి దగ్గర్లోనే ఉంటాను. మొదట ఫ్లైట్లు చూడండి, టికెట్ల సంగతి తర్వాత. లాస్ ఏంజెలెస్ పెద్ద విమానాశ్రయం ఎల్‌ఏఎక్స్ ఒక్కటే చూడకండి. బర్బ్యాంక్ విమానాశ్రయం పసడేనాకి బాగా దగ్గర, ఆంటారియో (కెనడాది కాదు, ఇక్కడి కాలిఫోర్నియాలోదే) కూడా పర్వాలేదు. జట్లు తెలిసేది డిసెంబర్ మొదటి ఆదివారం, ఆట జనవరి 1న. మధ్యలో నాలుగు వారాలే ఉంటాయి కాబట్టి రెండు రాష్ట్రాల జనం ఒకేసారి బుకింగ్‌ల మీద పడతారు. హోటల్ పసడేనాలోనే కావాలని పట్టుబట్టకండి. మెట్రో రైలు 'A' లైన్ పక్కన ఎక్కడున్నా మెమోరియల్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి కొంచెం నడిస్తే స్టేడియం షటిల్ బస్సులు దొరుకుతాయి.

కారులో వస్తే పార్కింగ్ పాస్ ముందే కొనాలి. పార్కింగ్ అంటే పక్కనున్న బ్రూక్‌సైడ్ గోల్ఫ్ మైదానం గడ్డి మీదే. రావడం బాగానే ఉంటుంది, ఆట అయ్యాక బయటపడటానికి గంటలు పడుతుంది. పెద్దాయన ఉన్నారు కాబట్టి నా ఓటు రైలుకే.

కొలంబస్_కుర్రాడు | డిసెంబర్ 3, 2023
నేను ఒహాయో స్టేట్‌లో చదివాను. నవంబర్ 25న మీ ఊళ్లో 30–24తో ఓడిన బాధ ఇంకా తగ్గలేదు కాబట్టి మీ జట్టు గెలవాలని మాత్రం అనలేను. కానీ మీరు వెళ్లాలి అక్కా. నేను 2022 జనవరి 1న అక్కడున్నాను. యూటా మీద మొదట బాగా వెనకబడి, చివరికి 48–45తో గెలిచాం. మా జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా ఒక్కడే 347 గజాల పాస్‌లు పట్టాడు. ఆ రోజు నా పక్కన కూర్చున్న యూటా అభిమాని కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అది టీవీలో కనపడదు.

సీట్ల గురించి ఒక మాట. మైదానానికి దగ్గరగా ఉన్నాయని కింది వరుసలు కొనకండి. గీత పక్కన నిలబడ్డ ఆటగాళ్లు, కోచ్‌లు అడ్డొస్తారు, ఆట సగం కనపడదు. పై వరుసల నుంచే ఎత్తుగడ అర్థమవుతుంది. పడమటి వైపు దొరికితే ఎండ మీ వీపు వెనక ఉంటుంది. తూర్పు వైపు కూర్చుంటే మధ్యాహ్నమంతా సూర్యుడు కళ్లలోనే.

బెజవాడ_బాబాయ్ | డిసెంబర్ 4, 2023
అందరూ వెళ్లమనే అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. మా అబ్బాయి కూడా మిషిగన్‌లోనే ఎంఎస్ చేస్తున్నాడు. మిషిగన్ 2021 సీజన్‌లో సెమీస్‌కి వెళ్లి జార్జియా చేతిలో 34–11తో ఓడింది. పోయినేడు సెమీస్‌లోనే, ఫియస్టా బౌల్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) చేతిలో 51–45. నలుగురు మనుషులు, పండగ సీజన్ ఫ్లైట్ ధరలు, రీసేల్ టికెట్లు కలిపితే మీ అమ్మాయి ఒక సెమిస్టర్ అద్దెకు సరిపోయేంత అవుతుంది. ఒకవేళ గెలిస్తే జనవరి 8న హ్యూస్టన్‌లో ఫైనల్, మళ్లీ ఖర్చు. పెద్దాయన్ని ఇంట్లో సోఫాలో కూర్చోబెట్టి చూపిస్తే రీప్లేలు కూడా కనపడతాయి. నేను ఇక్కడ తెల్లవారుజామున 3:30కి లేచి చూస్తాను, నాకు అదే చాలు.

ఆస్టిన్_పాతకాపు | డిసెంబర్ 4, 2023
బాబాయ్ గారూ, మీ లెక్క తప్పని అనను. కానీ ఆటకి వెళ్లడం గెలుపు కోసమే అయితే ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

2006 జనవరి 4న నేను ఆ స్టేడియంలో ఉన్నాను. మా టెక్సస్, సొంత ఊళ్లో ఆడుతున్న లాస్ ఏంజెలెస్ జట్టు యూఎస్‌సీ. వాళ్లు వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి వచ్చారు, జట్టులో ఇద్దరు హైస్‌మన్ (ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు) విజేతలు. ఆరు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా మేం 38–26తో వెనకబడ్డాం. అప్పుడు పక్క సెక్షన్‌లో ఒక పెద్దావిడ లేచి, ఎవరూ వెళ్లిపోకండి అని మా వైపు చూసి కేకలేసింది. నాలుగో డౌన్ (అంటే ఆఖరి అవకాశం), ఇంకా 5 గజాలు కావాలి, గడియారంలో 19 సెకన్లు ఉండగా మా విన్స్ యంగ్ కుడివైపుకి పరుగెత్తి మూల దాటేశాడు. 41–38. ఆ ఆవిడ ఎవరో నాకు తెలియదు, ఆమె మొహం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఓడిపోయినా నేను వెళ్లినందుకు బాధపడేవాణ్ని కాదు.

అమ్మాయి కాలేజీలో ఉన్నది నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో జట్టు రోజ్ బౌల్‌కి వెళ్లడం అందరికీ దక్కదు. మిషిగన్ ఇంతకుముందు ఆ ఆటలో ఆడింది 2007లో, గెలిచింది 1998లో. మీ అమ్మాయి అప్పటికి పుట్టి కూడా ఉండదు.

ఆనార్బర్_అమ్మ | డిసెంబర్ 5, 2023
ఆస్టిన్ గారి పోస్టు మావారికి చదివి వినిపించాను, ఫ్లైట్లు బుక్ చేసేశారు. బర్బ్యాంక్ ధర ఎక్కువగా ఉంది, ఆంటారియోకి దొరికాయి. అమ్మాయికి విద్యార్థుల టికెట్ విడిగా వస్తుంది, వాళ్ల సెక్షన్‌లో ఉంటుంది. మా ముగ్గురికీ కొనాలి. మామగారు ఇప్పుడు రూల్స్ చెప్పమంటున్నారు. క్రికెట్ తప్ప వేరే ఆట చూడలేదాయన.

హంట్స్‌విల్_టైడ్ | డిసెంబర్ 5, 2023
వదినా, ఆ రోజు నేను ఎదుటి పక్షం, ఎర్ర చొక్కాలో ఉంటాను. అయినా పెద్దాయనకి రూల్స్ నేను చెప్తాను.

బంతి చేతిలో ఉన్న జట్టుకి 10 గజాలు ముందుకు వెళ్లడానికి 4 అవకాశాలు, వాటినే డౌన్‌లంటారు. 10 గజాలు దాటితే మళ్లీ కొత్తగా 4. మూడు అవకాశాలు అయిపోయాక సాధారణంగా బంతిని దూరంగా తన్నేసి ఎదుటివాళ్లకి ఇచ్చేస్తారు, అది పంట్. తన్నకుండా నాలుగోదీ ఆడారంటే పెద్ద సాహసం చేస్తున్నారని అర్థం, అప్పుడు ఆయన్ని కళ్లు ఆర్పొద్దనండి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు, ఆపైన ఒక తన్నుకి ఇంకో పాయింటు. మధ్యలోంచి కర్రల మధ్యకి తంతే 3. ఇవి చాలు. పెనాల్టీ జెండాలు పడ్డప్పుడు పక్కవాళ్ల మొహాలు చూస్తే ఎవరికి నష్టమో తెలిసిపోతుంది.

మాకు ఈ మైదానం ఎందుకు ముఖ్యమో కూడా ఆయనకి చెప్పండి. 1926లో అలబామా ఇక్కడికి వచ్చి వాషింగ్టన్‌ని 20–19తో ఓడించింది. అంతవరకూ దక్షిణాది ఫుట్‌బాల్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. మా ఆఫీసులో ముసలివాళ్లు ఆ గెలుపు గురించి తమ తాతలు చెప్పిన కథలు ఇప్పటికీ చెప్తారు. హంట్స్‌విల్‌కి వచ్చిన కొత్తలో ఊళ్లోవాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. శనివారం ఆట గురించి అడగడం మొదలుపెట్టాక వాళ్లే ఇంటికి పిలిచారు. అందుకే ఈ జట్టు నాది.

ఆర్కేడియా_వాసి | డిసెంబర్ 6, 2023
ఊరేగింపు సంగతి. రోజ్ పరేడ్ ఉదయం 8కి ఆరెంజ్ గ్రోవ్ బులవార్డ్ దగ్గర మొదలై కొలరాడో బులవార్డ్ మీదుగా ఐదున్నర మైళ్లు నడుస్తుంది. 1890 నుంచి జరుగుతోంది. జనవరి 1 ఆదివారం వస్తే పరేడూ ఆటా రెండూ 2వ తేదీకి మారతాయి, ఈ ఏడాది మొదట్లో అలాగే జరిగింది. చర్చిల బయట కట్టేసిన గుర్రాలు బెదురుతాయని 1893లో పెట్టుకున్న నియమమట, ఇప్పటికీ వదల్లేదు.

పెద్దాయనతో రెండూ కుదురుతాయి, ఒక్క షరతు మీద. మొదలయ్యే చోటికి దగ్గరలో గ్యాలరీ సీట్లు కొనండి. అక్కడ పరేడ్ త్వరగా దాటిపోతుంది, పైగా స్టేడియం కూడా ఆ వైపే. తూర్పు చివర కూర్చుంటే అయ్యేసరికి ఆలస్యమై, జనంలో ఇరుక్కుంటారు. కొంతమంది ముందురోజు మధ్యాహ్నం నుంచే ఫుట్‌పాత్ మీద దుప్పట్లు వేసి రాత్రంతా అక్కడే గడుపుతారు. కుర్రాళ్లకి అది పండగే కానీ పెద్దాయనకి వద్దు, తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది. మధ్యాహ్నం స్వెటర్ విప్పేస్తారు, సాయంత్రం 5 దాటగానే మళ్లీ వేసుకోవాలి.

స్టేడియంలోకి పారదర్శకమైన సంచి తప్ప ఏదీ రానివ్వరు. లోపలికి వెళ్లే సొరంగాలు వందేళ్ల కిందట కట్టినవి, బాగా ఇరుకు. ఆటకి ముందు అరగంట అక్కడ మనుషులు కదలరు. కనీసం గంటన్నర ముందే సీట్లలో ఉండండి. బ్యాండ్లు కూడా చూడొచ్చు.

కలబసాస్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఎలాగూ మనవాళ్లంతా కొత్త సంవత్సరం రోజున అక్కడికే పోతారు. ఆ రోజు మీకు కుదరదు కాబట్టి డిసెంబర్ 31 పొద్దున్నే వెళ్లిరండి.

బెజవాడ_బాబాయ్ | డిసెంబర్ 6, 2023
టికెట్ల విషయంలో జాగ్రత్త అమ్మా. మా అబ్బాయి స్నేహితుడొకడు పోయినేడు ఎవరో సోషల్ మీడియాలో పెట్టిన స్క్రీన్‌షాట్ టికెట్లకి డబ్బు పంపాడు, గేటు దగ్గర పనిచేయలేదు. ఫోన్లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యే టికెట్ అయితేనే డబ్బు కట్టండి.

ఆర్కేడియా_వాసి | డిసెంబర్ 20, 2023
ఎదురుచూసేవాళ్ల కోసం పసడేనా కథ ఒకటి, మన ఇంజినీరింగ్ పిల్లలకి నచ్చుతుంది. 1961 రోజ్ బౌల్‌లో వాషింగ్టన్ విద్యార్థులు హాఫ్‌టైమ్‌లో రంగు కార్డులెత్తి బొమ్మలు చూపించాలి. ఎవరు ఏ కార్డు ఎప్పుడు ఎత్తాలో సూచనల కాగితాలుంటాయి. ఇక్కడి కాల్‌టెక్ కుర్రాళ్లు రహస్యంగా ఆ కాగితాలు సంపాదించి, మార్చిన కాపీలు తయారుచేసి వాటి స్థానంలో పెట్టేశారు. మొదటి బొమ్మలన్నీ సరిగ్గానే వచ్చాయి. తర్వాత వాషింగ్టన్ జట్టు గుర్తు హస్కీ కుక్క రావాల్సిన చోట కాల్‌టెక్ వాళ్ల బీవర్ వచ్చింది. ఆఖరికి స్టాండ్ నిండా పెద్ద అక్షరాలతో 'కాల్‌టెక్' అని పడింది, అదీ దేశమంతా టీవీలో చూస్తుండగా. ఆ రోజు ఆటకీ ఆ కాలేజీకీ ఏ సంబంధమూ లేదు.

ఆనార్బర్_అమ్మ | డిసెంబర్ 31, 2023
చేరాం. పొద్దున గుడికి వెళ్లొచ్చాం. హోటల్ లిఫ్టులో సగం పసుపు–నీలం, సగం ఎరుపు. రేపటికి పులిహోర కలిపి పెట్టాను, లోపలికి వెళ్లేముందే తినేస్తాం.

ఆనార్బర్_అమ్మ | జనవరి 2, 2024
గొంతు పోయింది, అందుకని రాస్తున్నాను.

పరేడ్ ఆరెంజ్ గ్రోవ్ వైపు నుంచే చూశాం. సరిగ్గా 8కి నల్లటి బి-2 విమానం తలమీదుగా వెళ్లింది. బండ్ల మీద కనిపించే ప్రతి అంగుళాన్నీ పువ్వులో ఆకులో విత్తనాలో బెరడో ఏదో ఒక సహజమైన పదార్థంతోనే కప్పాలట. మామగారు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. దగ్గరికి వచ్చిన ప్రతి బండినీ చూసి, ఇవి ఫలానా గింజలు, ఇది ఫలానా బెరడు అని మావారికి చెప్పడమే ఆయన పని. ఆటకి వెళ్లకపోయినా ఆయన సంతోషంగా తిరిగొచ్చేవారు.

అక్కడి నుంచి షటిల్. స్టేడియం లోయలో ఉంది కాబట్టి బయటినుంచి చూస్తే అంత పెద్దదనిపించదు. సొరంగంలోంచి బయటికి వచ్చాక ఒక్కసారిగా పచ్చటి మైదానం, మధ్యలో గులాబీ బొమ్మ, ఎదురుగా కొండలు. దాదాపు 96 వేల మంది. మాది పడమటి వైపు, పై వరుసలు. కొలంబస్ తమ్ముడికి థాంక్స్.

మనవాళ్ల మొదటి పాస్‌నే అలబామా పట్టేసింది. మా గుండె ఆగిపోయింది. గీత బయట అడుగు పడిందని రద్దు చేశారు. కాసేపటికే మనవాళ్లు అలబామా తన్నిన పంట్ పట్టబోయి జారవిడిచారు, అలబామా టచ్‌డౌన్. బెజవాడ బాబాయ్ గారు చెప్పినట్టే అవుతుందేమో అనిపించింది. తర్వాత మన డిఫెన్స్ అలబామా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) మిల్రోని మాటిమాటికీ పడగొట్టడం మొదలుపెట్టింది. హాఫ్‌టైమ్‌కి 13–10తో ముందున్నాం. మూడో క్వార్టర్‌లో కొండల మీద ఎండ ఎర్రబడుతుంటే జనమంతా ఒక్క నిమిషం ఆట వదిలేసి అటే చూశారు.

నాలుగో క్వార్టర్‌లో 20–13తో వెనకబడ్డాం, నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది. సొంత సగంలోనే నాలుగో డౌన్, 2 గజాలు కావాలి. మామగారు నా చెయ్యి పట్టుకుని, "ఇది సాహసం కదమ్మా" అన్నారు. హంట్స్‌విల్ గారు రాసింది ఆయనకి బాగా గుర్తుంది. మన కోరమ్‌కి చిన్న పాస్, 27 గజాలు వెళ్లాడు. తర్వాత మన రోమన్ విల్సన్ గాల్లోకి ఎగిరి పట్టింది, ఆ తర్వాత అతనిదే టచ్‌డౌన్, 1:34 ఉండగా. 20–20.

ఓవర్‌టైమ్‌లో ఒక్కో జట్టుకీ 25 గజాల దగ్గర బంతి ఇస్తారు. కోరమ్ రెండు పరుగుల్లో గీత దాటేశాడు. తర్వాత అలబామా వంతు. నాలుగో డౌన్, 3 గజాలు. ఎవ్వరూ కూర్చోలేదు, మామగారు బెంచీ మీదకి ఎక్కుతానంటే మావారు పట్టుకున్నారు. మిల్రో నేరుగా మధ్యలోకి వచ్చాడు, మనవాళ్లంతా కలిసి ఆపేశారు. 27–20.

ఆ తర్వాత అమ్మాయి కోసం చాలాసేపు వెతికాం. ఫోన్లు పనిచేయలేదు. ఇలా వెళ్లేవాళ్లు కలుసుకునే గేటు ముందే అనుకోండి. దొరికాక వాళ్ల తాతయ్యని వాటేసుకుని ఏడ్చేసింది. ఆయనా ఏడ్చారు. ఖర్చు గురించి మొదట అడిగింది నేనే కాబట్టి జవాబు కూడా చెప్తున్నాను. మళ్లీ అయినా పెడతాను.

హంట్స్‌విల్_టైడ్ | జనవరి 2, 2024
వదినా, అభినందనలు. నిజంగా అంటున్నాను. తూర్పు వైపు ఉన్నాను, రాత్రంతా నిద్ర పట్టలేదు. చివరి ఆటలో వేరే ఎత్తుగడ వేయాల్సిందని మా వాళ్లంతా అంటున్నారు, నేనూ అంటున్నాను. కానీ ఆరుసార్లు మా క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టినవాళ్లు ఏడోసారి ఆపడంలో అన్యాయం ఏమీ లేదు. బయటికి వచ్చేటప్పుడు మిషిగన్ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మా పిల్లాడి భుజం తట్టి, బాగా ఆడారు మీ వాళ్లు అన్నాడు. మా పిల్లాడికి తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చేదాకా ఆయన గురించే మాట్లాడాడు.

బెజవాడ_బాబాయ్ | జనవరి 2, 2024
ఇక్కడ మూడున్నరకి మొదలైతే తెల్లారి సూర్యుడు వచ్చేసరికి అయిపోయింది. మావాడు టీవీలో ఎక్కడైనా కనపడతాడేమోనని చూస్తూనే ఉన్నాను. ఓవర్‌టైమ్‌కి ముందు మన ఆటగాడు సొంత గీత దగ్గర పంట్ వదిలేశాడు చూడండి, అప్పుడు మా ఆవిడ నిద్రలేచి వచ్చింది నా అరుపుకి. అక్కడ ఒక్క అడుగు వెనక, సొంత గీత అవతల పడితే సేఫ్టీ, ఎదుటివాళ్లకి 2 పాయింట్లు, ఆట పోయేది.

ఆర్కేడియా_వాసి | జనవరి 2, 2024
బాబాయ్ గారూ, ఇదే మైదానంలో 1929లో అలాగే పోయింది. కాలిఫోర్నియా ఆటగాడు రాయ్ రీగెల్స్ కింద పడ్డ బంతి తీసుకుని, గందరగోళంలో తమ సొంత గీత వైపే పరుగెత్తాడు. వెనకనుంచి బెన్నీ లోమ్ అనే సహచరుడు తరుముకుంటూ వెళ్లి గీతకి గజం దూరంలో ఆపాడు. వెంటనే తన్నబోయిన పంట్‌ని జార్జియా టెక్ అడ్డుకుంది, సేఫ్టీ వచ్చింది, చివరికి 8–7తో గెలిచింది. రీగెల్స్ ఇక ఆడలేనన్నాడు. కోచ్ ఒప్పించి రెండో సగంలో పంపిస్తే మళ్లీ వచ్చి గట్టిగా ఆడాడు, ఎదుటివాళ్ల పంట్ ఒకటి అడ్డుకున్నాడు కూడా. ఆ రెండో సగం గురించి ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నిన్న బంతి జారవిడిచిన పిల్లల్ని కూడా ఎవరూ తిట్టొద్దు.

కొలంబస్_కుర్రాడు | జనవరి 9, 2024
ఫైనల్లో వాషింగ్టన్ మీద 34–13. ఇక చెప్పేదేముంది, ఈ ఏడాది మీదే అక్కా. తాతయ్యగారికి నా నమస్కారాలు. నవంబర్‌లో మీ జట్టు ఆడటానికి మా కొలంబస్‌కి రావాలి, అప్పుడు మాట్లాడుకుందాం.

హంట్స్‌విల్_టైడ్ | జనవరి 10, 2024
మా అలబామా కోచ్ నిక్ సేబన్ గారు రిటైర్ అవుతున్నట్టు ఇప్పుడే వార్త వచ్చింది. అంటే ఆయన కోచ్‌గా చివరి ఆట మనం చూసిందే. ఓడినా అక్కడ ఉన్నందుకు ఇప్పుడు ఇంకా సంతోషంగా ఉంది. మా పిల్లాడి టికెట్ ఫోన్లోంచి ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టిస్తున్నాను.

బెజవాడ_బాబాయ్ | జనవరి 11, 2024
వచ్చే సీజన్ నుంచి ప్లేఆఫ్‌లో నాలుగు కాదు, 12 జట్లట కదా. అప్పుడు ఎన్ని ఆటలకి వెళ్లాలి? మావాడికి ఇంకో ఏడాది చదువుంది. వీసా వస్తే మేమిద్దరం డిసెంబర్‌లో వద్దామనుకుంటున్నాం.

ఆర్కేడియా_వాసి | జనవరి 11, 2024
బాబాయ్ గారూ, రండి. మొదటి రౌండ్ కాలేజీల సొంత మైదానాల్లోనే, ఆనార్బర్‌లో పడితే అది మీవాడి గది నుంచి నడిచి వెళ్లొచ్చు. రోజ్ బౌల్ 2025 జనవరి 1న క్వార్టర్‌ఫైనల్. మొదటి రౌండ్ డిసెంబర్ 20, 21 తేదీల్లో కాబట్టి, అందులో ఆడి గెలిచి వచ్చే జట్టు అభిమానులకి పదిరోజులే టైమ్ ఉంటుంది. అందుకని క్యాన్సిల్ చేసుకునే వీలున్న గది ఇప్పుడే బుక్ చేసి పెట్టుకోండి. మిషిగన్ రాకపోయినా పరేడ్ చూడొచ్చు, మా ఇంట్లో భోజనం చేయొచ్చు. వీసా ఇంటర్వ్యూ తేదీ రాగానే ఇక్కడ చెప్పండి.